మా ఇంట్లో లాటిన్

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. స్వభావం అనుకోండి, జబ్బు అనుకోండి. వీధిలో నాలుగు చినుకులు పడితే ఇంటికొచ్చి యమునకు వరద వచ్చిందంటాను. పక్కింటాయన తుమ్మితే మేడ కదిలిందంటాను. మా ఆవిడ నర్సు. నా నోటి నుంచి ఏ మాట వచ్చినా ముందు దాన్ని నాలుగుతో భాగిస్తుంది. మిగిలిన దానికి జ్వరం ఉందేమోనని తాకి చూస్తుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే మా అమ్మాయిని అడుగుతుంది. ఇది చదివేటప్పుడు మీరూ ఆ పద్ధతే పాటిస్తే మన మధ్య మాట పట్టింపులు ఉండవు.

ఢిల్లీలో మెట్రో ఇంకా కొత్త పెళ్ళికొడుకులా తళతళలాడుతున్న రోజులవి. నేను ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటరులో చరిత్ర చెప్పేవాణ్ణి. మా క్లాసు నేలమాళిగలో. ఎంత లోతున అంటే, ఇంకొక్క గజం తవ్వితే ఎవరో ఒక సుల్తాను లేచి కూర్చుని హాజరు పలికేవాడు. దేశం నలుమూలల నుంచి కలెక్టర్లవుదామని వచ్చిన పిల్లలు, ఒకరి మోచెయ్యి మరొకరి డొక్కలో పెట్టుకుని రాసుకునేవారు. అందరు మాస్టార్లూ మతంలో మలుపులు ఒకరోజు, రాజకీయంలో మలుపులు ఒకరోజు, యంత్రాల మలుపులు ఇంకోరోజు చెప్పేవారు. నేను మాత్రం మూడింటినీ ఒకే ముద్దగా కలిపి ఒకే క్లాసులో తినిపించేవాణ్ణి. జర్మనీలో ఒక సన్యాసికి కోపం వచ్చింది, ఒక కంసాలి అచ్చు యంత్రం చేశాడు, ఇంగ్లండ్‌లో ఒక రాజుకు రోములోని పోపుతో పడలేదు. ఈ మూడూ ఒకదాన్ని ఒకటి పట్టుకుని నడవబట్టే ప్రపంచం తిరిగిందని నా సిద్ధాంతం. పాఠం కొసకు, జనానికి అర్థంకాని లాటిన్ ప్రార్థనలు పోయి సొంత భాషలు వచ్చిన ఘట్టానికి వచ్చేసరికి డస్టరుతో బల్లను చరిచి, "ఆ రోజు నుంచి దేవుడు లాటిన్ మాట్లాడడం మానేశాడు! మనిషి ఏ భాషలో కలలు కంటాడో ఆ భాషలోనే ప్రార్థించాలి!" అనేవాణ్ణి. లేచిన సుద్దపొడికి ముందు బెంచీ వాళ్ళు పాతికేళ్ళకే తల నెరిసినట్టు కనిపించేవారు.

ఆ వాక్యం నాకు ప్రాణం. బేర్ సరాయ్‌లో జిరాక్సు దుకాణాల్లో నా పాఠం నోట్సు అమ్మేవారు. ఎవరో పిల్లవాడు రాసుకున్నది, వాడి చేతిరాతతో సహా. అచ్చు యంత్రం విప్లవం అంటే ఏమిటో నాకు అక్కడ బాగా అర్థమైంది, నాకు చిల్లిగవ్వ రాలేదు. ఆ వాక్యాన్ని రోజూ పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందు సాధన చేసేవాణ్ణి. వసంత్ కుంజ్‌లో మా బ్లాకు బ్లాకంతా మతసంస్కరణ ఉద్యమంలో పట్టా పుచ్చుకునే స్థితికి వచ్చింది.

ఇక మా ఆదివారాలు. మాది తెలుగు క్రైస్తవ కుటుంబం. మా ఆవిడది భీమవరం వైపు, నాది ఆ పక్కనే. మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. ఒక పెద్ద గుడిని సాయంత్రం పూట వాడుకోనిచ్చేవారు. పొద్దున పదింటికి హిందీ ఆరాధన, తరవాత ఇంగ్లీషు ఆరాధన, అందరూ వెళ్ళిపోయాక నాలుగింటికి మనవాళ్ళు. నర్సులు, ఆసుపత్రి టెక్నీషియన్లు, సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు, వాళ్ళ పిల్లలు. "వందనాలండీ, వందనాలండీ" అనుకుంటూ లోపలికి వచ్చి కూర్చుంటే వేదిక వెనక గోడ మీద పొద్దుటివాళ్ళు గుడ్డ మీద రాసి వేలాడదీసి వదిలేసిన హిందీ బైబిలు వాక్యం ఇంతింత అక్షరాలతో కనిపించేది. మా పాస్టరు అయ్యగారు దాని ముందు నిలబడి గోదావరి యాసలో ప్రసంగించేవారు. పాటల పుస్తకం మా అమ్మాయి చేతిలో తలకిందులుగా ఉన్నా ఆమెకు తెలిసేది కాదు. తెలుగు అక్షరాలు రావు. ఆరాధన మొత్తంలో ఆమె చదవగలిగింది ఆ గోడ ఒక్కటే. పుట్టినప్పటి నుంచి ప్రతివారం చదివి చదివి గోడకు అరుగుదల వచ్చి ఉంటుంది.

అలా సాగుతుండగా ఒక ఆదివారం అయ్యగారు ఒక కబురు చెప్పారు. ఆంధ్ర నుంచి బిషప్పు గారు వస్తున్నారు, ఈడొచ్చిన పిల్లలకు కన్ఫర్మేషన్ ఇస్తారు. తెలియనివారికి చెబుతున్నాను: చిన్నప్పుడు తల్లిదండ్రులు మా తరఫున చెప్పిన విశ్వాసాన్ని, ఎదిగాక మా నోటితో మేమే చెప్పి, బిషప్పు గారి చేత తల మీద చెయ్యి వేయించుకోవాలి. ఆ తరవాతే ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం. బిషప్పు గారు ప్రశ్న అడుగుతారు, పిల్లలు సభ ముందు నిలబడి జవాబు చెప్పాలి. తెలుగులో.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి అంది: "నాన్నా, సుబహ్ వాలీ సర్వీస్ మేఁ యే సబ్ హిందీ మేఁ హోతా హై. మైఁ వహాఁ కర్ లూఁ?"

ఆ వాక్యంలో 'నాన్నా' ఒక్కటే తెలుగు. పొద్దుటి ఆరాధనలో ఇదంతా హిందీలోనే జరుగుతుంది కదా, అక్కడ చేసుకోనా అని. ఇక్కణ్ణుంచి ఆమె హిందీలో అన్నదాన్ని నేను తెలుగులో రాస్తాను, లేకపోతే మీకూ నాకూ కష్టం.

"అదేమిటమ్మా, మన సంఘం ఉండగా?"

"నువ్వే కదా అంటావు, ఏ భాషలో కలలు కంటే ఆ భాషలోనే ప్రార్థించాలని? రోజూ అద్దం ముందు అరుస్తావు. నేను హిందీలో కలలు కంటాను."

"అది జర్మనీ సంగతమ్మా."

"అంటే జర్మనీ పిల్లలకి ఓకే, వసంత్ కుంజ్ పిల్లలకి కాదా?"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "అడగవే, బాగా అడుగు. ఆ కుర్రాళ్ళ ముందు ఎగరడం కాదు, ఇప్పుడు చెప్పమను."

"నీకు తెలుగు అర్థమవుతుంది కదా?" అన్నాను. "అమ్మ తిడితే ఒక్క ముక్క పొల్లుపోదు."

"అమ్మ తిట్టేది వేరే తెలుగు నాన్నా. 'విశ్వసించుచున్నాను' అని అమ్మ ఎప్పుడైనా తిట్టిందా?"

తిట్టలేదు. ఇంట్లో అందరం ఆలోచించాం, ఒక్కసారి కూడా తిట్టలేదు. గ్రాంథికంలో అడిగే ప్రశ్న, గ్రాంథికంలో చెప్పే జవాబు. ఆ పిల్లకు అది లాటిన్. నేలమాళిగలో నేను రోజూ డస్టరుతో కొట్టి చంపుతున్న లాటిన్, మా ఇంటి భోజనాల బల్ల మీద పప్పు గిన్నె పక్కన తెలుగు వేషంలో కూర్చుని ఉంది.

"తెలుగులోనే చెయ్యాలంటే నేను చెయ్యను," అంది చివరికి. కోపంగా అనలేదు, అదే నన్ను భయపెట్టింది. "పొద్దున హిందీ సర్వీసుకి వెళ్తాను. మా స్కూలు ఫ్రెండ్స్ అక్కడే ఉన్నారు. నాలుగింటికి మీరు వెళ్ళండి."

అదే గుడి, అదే బెంచీ, అదే గోడ. తేడా కొన్ని గంటలు. అయినా నాకు ఆ రాత్రి దేశ విభజన జరిగినట్టే అనిపించింది. మా ఆవిడ డ్యూటీలు, నా క్లాసులు, పిల్ల బడి, ట్యూషన్లు పోగా ముగ్గురం ఒక ఆటోలో ఇరుక్కుని వెళ్ళేది ఆదివారం సాయంత్రం ఒక్కటే. మధ్యలో ఆమె కూర్చునేది. చెవుల్లో వైర్లు లేకుండా నా పక్కన కూర్చునే సమయం వారం మొత్తంలో అంతే. ఈ మాటను నాలుగుతో భాగించనక్కర్లేదు.

ప్రజాస్వామ్య పద్ధతిలో పోరాడాలని నిర్ణయించుకున్నాను. తరవాతి ఆదివారం ఆరాధన అయ్యాక, టీ సమోసాల దగ్గర సంఘ కమిటీ సమావేశం. పక్కగదిలో ప్లాస్టిక్ కుర్చీలు. నేను లేచి, హిందీలో జవాబులు చెప్పే అవకాశం పిల్లలకు ఇవ్వాలని ప్రతిపాదించాను. గది ఎంత నిశ్శబ్దమైందంటే, ఫ్రాన్సులో రాజు తల పడ్డప్పుడు కూడా అంత నిశ్శబ్దం లేదు.

మా సంఘ పెద్ద కుర్చీలో ముందుకు జరిగారు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో ఎప్పుడో గుమాస్తాగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన మనిషి. గుంటూరు వైపు. వేసవిలో కూడా కోటు. సంఘాన్ని మొదలుపెట్టిన వాళ్ళలో ఇంకా మిగిలింది ఆయన ఒక్కరే.

"అచ్ఛా మాస్టారూ, మీరు పాఠం బాగా చెబుతారని విన్నాను. నాకూ ఒకటి చెప్పండి. పొద్దున ఇక్కడే హిందీ ఆరాధన ఉంది. ఆ తరవాత ఇంగ్లీషు ఉంది. మరి మనం నాలుగింటికి ఎందుకొస్తున్నామంటారు?"

"తెలుగు కోసమండీ."

"ఆ తెలుగు తీసేస్తే నాలుగింటికి ఏం మిగుల్తుందండీ?" అని, నా చేతిలోని ప్లేటు వైపు చూశారు. "సమోసా."

గది గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. "నేను ఈ ఊరొచ్చినప్పుడు తెలుగులో ప్రార్థన చేసుకునే చోటు లేదండీ. నర్సుల హాస్టళ్ళ గేట్ల దగ్గర నిలబడి, తెలుగువాళ్ళున్నారాండీ, తెలుగువాళ్ళున్నారాండీ అని అడిగేవాణ్ణి. చౌకీదార్లు తరిమేవాళ్ళు, నన్ను చూసి ఏమనుకునేవాళ్ళో మీరే ఊహించుకోండి. అలా ఒక్కొక్కళ్ళనీ పోగేశాం. మీ పిల్లకి హిందీ ఇచ్చేస్తే, ఆమె పిల్లలకి ఈ నాలుగింటి ఆరాధన ఎందుకండీ?"

నా దగ్గర జర్మనీ ఉంది, ఇంగ్లండ్ ఉంది, అచ్చు యంత్రం ఉంది. నేను సమోసా కొరికాను. ఓటింగు పెట్టారు. ప్రతిపాదనకు అనుకూలంగా ఒక చెయ్యి లేచింది, అది నాదే. మా ఆవిడ చెయ్యి లేవలేదు. ఆటోలో నిలదీస్తే, "ప్లేటు పట్టుకున్నానండీ," అంది.

అయ్యగారు మెత్తని మనిషి, అందరికీ ఎంతో కొంత ఇచ్చి పంపుతారు. "బట్టీ పట్టి చెప్పినా పర్లేదండీ. నోటికొస్తే చాలు, అర్థం దేవుడే ఇస్తాడు," అన్నారు. సరిగ్గా ఇదే మాట లాటిన్ గురించి పాత పూజారులు అన్నారని నేను క్లాసులో ఎద్దేవా చేసేవాణ్ణి. అయ్యగారికి ఆ సంగతి చెప్పలేదు. ఆయన నాకు ఇంకో సమోసా వేస్తున్నారు.

మర్నాడు క్లాసులో అదే పాఠం. బల్ల చరిచాను గానీ సుద్దపొడి లేవలేదు, చెయ్యి అంత మెత్తగా పడింది. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. వరంగల్ నుంచి వచ్చినవాడు, నేను తెలుగువాణ్ణని తెలిశాక నాతో తెలుగులోనే మాట్లాడేవాడు.

"సార్, ఒక డౌటు. మరి లాటిన్ల ప్రార్థన జేసుకునే ముసలోళ్ళ సంగతేంది సార్? గాళ్ళ గుళ్ళె ఒక్కరోజుల భాష మార్చేస్తే గాళ్ళేమనుకున్నరు?"

"అది సిలబస్‌లో లేదు బాబూ," అన్నాను.

"గట్లనా సార్," అని కూర్చున్నాడు. నేను మాత్రం బస్సులో వసంత్ కుంజ్ దాకా నిలబడే వచ్చాను. సీటు దొరక్క కాదు. కూర్చోబుద్ధి కాలేదు. సరే, సీటు కూడా దొరకలేదు.

మా ఆవిడకు చరిత్రతో పని లేదు, చికిత్సతోనే పని. పిల్ల దగ్గర కూర్చుని, "ఏమే, ఒక్కసారి ప్రయత్నించు. రాకపోతే అప్పుడు నీ ఇష్టం, పొద్దుటి దానికే పోదువు గానీ. నేను నాన్నని ఒప్పిస్తా," అంది. పిల్ల సరేనంది. అంటే ఇప్పుడు విషయం తేలిపోయింది. బిషప్పు గారి ముందు నోరు పెగిలితే నాలుగింటి ఆరాధన, పెగలకపోతే పది గంటలది.

చదవలేని పిల్లకు బట్టీ పట్టించడం ఎలా? అప్పుడే మా ఇంటికి మాటలు రికార్డు చేసే ఫోను వచ్చింది. మా ఆవిడ దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి, డ్యూటీ గదిలో తీరిక దొరికినప్పుడల్లా ప్రశ్నలూ జవాబులూ చదివి రికార్డు చేసింది. ఢిల్లీ ఆసుపత్రిలో నర్సుకు తీరిక అంటే ఏమిటో మీకు తెలియదు. ఒక జవాబు మొదలుపెడితే ముగిసేలోగా ఒకరు పుట్టేవారు. ఆ రికార్డింగులో విశ్వాస ప్రమాణంతో పాటు ట్రాలీ చక్రాల కిరకిరలున్నాయి, స్టీలు ట్రే కిందపడ్డ చప్పుడుంది, "దీదీ, ఇంజెక్షన్ కబ్ లగేగా?" అని ఎవరో అరిచిన అరుపుంది, పరలోకానికీ భూలోకానికీ మధ్య మా ఆవిడ టీ గుటక వేసిన చప్పుడుంది. ఒకచోట మంచి పాకంలో ఉండగా, "ఆఁ, డ్రిప్పు అయిపోయిందా? క్లాంపు వేసెయ్, వస్తున్నా," అని ఎవరో రోగి సెలైన్ గొట్టం గురించి తోటి నర్సుతో అన్న మాట కూడా ఉంది.

"ఇది తీసేసి మళ్ళీ చెయ్యకూడదూ?" అన్నాను.

"ఎప్పుడు చెయ్యమంటారు? వార్డులో రోగుల్ని ఇంటికి పంపించేసి చెయ్యమంటారా?" అంది.

అమ్మాయి స్కూలు బస్సులో, మార్కెట్లో, ముగ్గు పిండిలా పొగమంచు కమ్మిన పొద్దుటిపూట బాల్కనీలో చెవుల్లో వైర్లు పెట్టుకుని పెదాలు కదుపుతూ తిరిగేది. ఒక సాయంత్రం నేను తాళం తీసుకుని లోపలికి వస్తుంటే గదిలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. డ్యూటీ నుంచి అప్పుడే ఎలా వచ్చిందా అని చూస్తే, పిల్ల. ప్రతి దీర్ఘం భీమవరం దీర్ఘం. తల్లి ఊపిరి తీసుకున్న చోటే ఊపిరి, తల్లి గుటక వేసిన చోటే విరామం. అర్థం తెలియదు. కానీ ఆ తెలుగు వింటే గోదావరి జిల్లాలో ఏ ఇంటివాళ్ళైనా లోపలికి పిలిచి కుర్చీ వేసేవారు. నేను బూట్లు విప్పకుండా గుమ్మంలోనే చాలాసేపు నిలబడిపోయాను.

బిషప్పు గారు రైల్లో దిగారు. ఆయనకు హిందీ ఒక్క ముక్క రాదు. స్టేషన్లో కూలీతో, "నాయనా, ఈ పెట్టె బహు భారముగా ఉన్నది," అన్నారట. కూలీ భక్తితో దండం పెట్టి పెట్టె అక్కడే వదిలేశాడట. ఆదివారం నాలుగింటికి గుడి కిక్కిరిసింది. తెల్ల పట్టుచీరల్లో నర్సులు, ఇస్త్రీ చొక్కాల్లో మొగుళ్ళు, ముందు వరసలో తెల్లబట్టల్లో పిల్లలు. మా అమ్మాయి తెల్ల సల్వారు వేసుకుని దుపట్టా అంచును వేలికి చుట్టుకుంటోంది. విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, తబలా వాయించే అబ్బాయి నా వైపు తిరిగి తాళం సరిచూసుకున్నాడు.

ఆమె వంతు వచ్చింది. బిషప్పు గారు తన అధికార దండం పట్టుకుని, గంభీరంగా, "కుమారీ, సంఘమనగా నేమి?" అన్నారు.

పిల్ల కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది. భీమవరం మొదలైంది. "సంఘమనగా పిలువబడినవారి సహవాసము..." అని ఒక్కొక్క పదం ముత్యంలా వస్తోంది. వెనక వరసల్లో ఆడవాళ్ళు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. సంఘ పెద్ద కోటు సర్దుకుని తల ఊపుతున్నారు. మా ఆవిడ పెదాలు కూతురి పెదాలతో పాటే కదులుతున్నాయి. ఇంకొక్క వాక్యం దాటితే గట్టెక్కినట్టే. అప్పుడు, అదే గాంభీర్యంతో, అదే రాగంతో పిల్ల అంది: "ఆఁ, డ్రిప్పు అయిపోయిందా? క్లాంపు వేసెయ్, వస్తున్నా."

గుడి బద్దలైంది. సగంమంది నర్సులు కదా, పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకామె అలవాటు కొద్దీ లేచి నిలబడింది, క్లాంపు వెయ్యడానికి. పైకప్పులో పావురాలు లేచిపోయాయి. బిషప్పు గారి దండం చేతిలోంచి జారి వేదిక మీద మోగింది. నవ్వు తగ్గాక చూస్తే పిల్ల అలాగే నిలబడి ఉంది. తెగిపోయిన దారం కొస దొరకడం లేదు. తరవాతి మాట ఏమిటో ఆమెకు తెలియదు, అర్థం తెలిస్తే కదా అల్లుకుని చెప్పడానికి. దుపట్టా అంచు వేలికి బిగుసుకుపోయింది. ఒకసారి నా వైపు చూసింది. తరవాత వెనక్కి, తలుపు వైపు చూసింది.

అయిపోయింది అనుకున్నాను. పది గంటల ఆరాధనకు ఆటో కట్టించుకుందాం అనుకున్నాను.

ముందు బెంచీలోంచి సంఘ పెద్ద లేచారు. బెంచీని ఆనుకుని, కోటు బొత్తాం పెట్టుకుని, ఆమె పక్కకు వెళ్ళి నిలబడ్డారు. జీవితమంతా ఢిల్లీలో గడిపినా గుంటూరు దాటి రాని హిందీలో అన్నారు: "బేటీ, తుమ్‌కో జైసా ఆతా, వైసా బోలో. హమ్ సున్‌తా హై."

నీకెలా వస్తే అలా చెప్పు, మేం వింటాం అని. ఆ గుడిలో నాలుగు గంటలకు ఆయన నోట హిందీ రావడం ఎవరూ ఎరగరు. అయ్యగారు గోడ వైపు చూశారు, అక్షరాలు గానీ దిగివచ్చాయేమోనని.

బిషప్పు గారు అయోమయంగా, "ఏమండీ, ఏమంటున్నారు?" అన్నారు.

"నేను చెబుతానండీ," అన్నారు సంఘ పెద్ద. "పిల్ల చెబుతుంది, నేను తమరికి తెలుగులో చెబుతాను."

పిల్ల ఒక్క క్షణం ఆయన ముఖం చూసింది. తరవాత హిందీలో, మామూలుగా, బల్ల దగ్గర నాతో వాదించినప్పటి గొంతుతోనే అంది: సంఘమంటే మనవాళ్ళ పక్కన కూర్చునే చోటు, పాట అర్థం కాకపోయినా లేచి వెళ్ళిపోకుండా.

సంఘ పెద్ద బిషప్పు గారి వైపు తిరిగారు. "సంఘమనగా, గీతము గ్రహింపునకు రాకపోయినను విడిచి వెళ్ళక, తన వారి ప్రక్కన కూర్చుండు స్థలము, అంటోందండీ."

"చక్కగా ఉంది. ఇది ఏ పుస్తకంలోదండీ?"

"ఏ పుస్తకంలోదీ కాదండీ. ఇప్పుడే వచ్చింది."

బిషప్పు గారు నవ్వి, ఆమె తల మీద చెయ్యి వేశారు. నేను వదిలిన నిట్టూర్పుకు గోడ మీది హిందీ వాక్యం గుడ్డ రెపరెపలాడింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, నాడి చూడ్డానికి కాదు.

తరవాత టీ దగ్గర సంఘ పెద్ద నన్ను పక్కకు పిలిచారు. "మాస్టారూ, ఇది రూలు అనుకోకండి."

"అనుకోనండీ."

"తెలుగు తెలుగే."

"అవునండీ."

టీ సగం తాగి, మళ్ళీ అన్నారు: "వచ్చే ఏటికి పిల్లలు ఇంకా ఉన్నారు. నా హిందీ ఏమంత బాగోదండీ. మీ అమ్మాయి ఆదివారాలు కాస్త ముందొస్తే... ఆమె నాకు కొంచెం హిందీ, నేను ఆమెకి కొంచెం తెలుగు అక్షరాలు. ఏమంటారు?"

మా అమ్మాయి అప్పటికే మూడో సమోసా తింటోంది. "ఠీక్ హై అంకుల్," అంది నోటినిండా. తరవాత ఏమనుకుందో, నమిలి మింగి, "వస్తా తాతగారూ," అంది.

ఆటోలో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం, మధ్యలో ఆమె. దారిపొడుగునా ఆకలి అంటోంది, అన్ని సమోసాలు తిన్నాక కూడా. మా ఆవిడ తిడుతోంది. ఆ తెలుగు ఆమెకు బాగానే అర్థమవుతోంది. నాకు ఎంత హాయిగా ఉందంటే, ఆటో నేల మీద నడుస్తోందన్న సంగతి కూడా కుదుపు వచ్చినప్పుడే గుర్తొచ్చేది.

ఇక నిజం చెప్పాలి. సంఘ పెద్ద లేచి పక్కన నిలబడటం, ఆ గుంటూరు హిందీ, బిషప్పు గారికి ఆయన చేసిన తర్జుమా, ఇవన్నీ ఎవరూ నమ్మరు, కానీ అక్షరాలా జరిగినవి. నా నిట్టూర్పును నాలుగుతో భాగించుకోండి, పావురాలనూ కూలీనీ పూర్తిగా తీసెయ్యండి. నేను కల్పించింది డ్రిప్పు. రికార్డింగులో ఆ మాట ఉంది, అది నిజం. కానీ మా అమ్మాయి నోట అది రాలేదు. ఎవరూ నవ్వలేదు. ఆమె సగం దాకా చెప్పి ఆగిపోయింది, అంతే. ఆగిపోయి, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేని ఆ గుడిలో నిలబడి నా వైపు చూసింది. ఎన్నిసార్లు రాయబోయినా ఆ చోటు దగ్గర కలం కదల్లేదు. అందుకని అక్కడ నవ్వు పెట్టాను. పెట్టాక నాకు ఊపిరాడింది.